రుమాలు కింది ధర

నవ్వినందుకు మామను చంపిన అల్లుడు ఈ రెండు జిల్లాల్లో ఇంకా పుట్టలేదు. ఆ పొద్దు సుదర్శన్‌రావు మాత్రం ఆ పేరు దక్కించుకునే దాకా వచ్చాడు.

సీతారాంరావు నవ్వు ఆగడం లేదు. ఆయన నవ్వు మామూలు నవ్వా! మొదలు పొట్టలో కదులుతుంది, తర్వాత భుజాలకెక్కుతుంది, ఆఖరుకు కండ్లలో నీళ్ళయి దిగుతుంది. ఒకసారి ఇచ్చోడ బస్టాండులో ఆయన నవ్వితే, కదిలిన బస్సు ఆగిందట. డ్రైవరు టైరు పగిలిందనుకొని దిగి చూశాడట. ఆయనే చెబుతాడు. ఆయన మాటల్లో నిజం ఏరుకోవడం బియ్యంలో రాళ్ళేరినట్టు కాదు, రాళ్ళలో బియ్యం ఏరినట్టు.

"గా పుస్తకం నమ్మినవా అల్లుడా? మా దుకాణపు గుమాస్తా, బన్సీలాల్ మునీం రాసిన భావు పుస్తకం?"

చాప మీద ఎర్రగుడ్డ అట్టల పుస్తకం తెరిచి ఉంది. పద్దెనిమిదేండ్ల పత్తి భావులు, అంటే ధరలు, రోజు తప్పకుండా. దాని పక్కన సుదర్శన్‌రావు మూడేండ్లు కూర్చొని గీసిన గ్రాఫు కాగితాలు. వాటి మీద బొంబాయి కంపెనీ ఉత్తరం. గోడకానుకొని తాళ్ళు కట్టిన రెండు ట్రంకు పెట్టెలు. పగలు రెండు గంటలకు నాందేడ్ బస్సు, అక్కడినుంచి బొంబాయి రైలు. ఇప్పుడు పదిన్నర.

పోతూ పోతూ మామ కాళ్ళకు మొక్కిపోదామని నిన్న కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ వచ్చారు మొగుడూ పెండ్లాం. మొక్కడం అయింది. ముసలాయన దీవించడం కూడా అయింది. దీవించిన నోటితోనే, 'ఏం పని అల్లుడా అక్కడ?' అని అడిగాడు. సుదర్శన్‌రావు ముచ్చటపడి పుస్తకం తెరిచాడు. అదీ జరిగింది.

"నవ్వకు మామా. సక్కగ చెప్పు."

సీతారాంరావు సుదర్శన్‌కు మేనమామ, పిల్లనిచ్చిన మామ. భూములు పోయినంక ఊరు విడిచి ఆదిలాబాద్ చేరి, గోవింద్‌దాస్ సేఠ్ అడ్తి కమీషన్ దుకాణంలో పత్తి దలాలీ చేసి ముసలివాడైన మనిషి. భుజం మీది రుమాలుతో కండ్లు తుడుచుకున్నాడు.

"ఏమున్నది సక్కగ చెప్పుటానికి? రైతు బండి దిగుతడు. మిల్లోడు వస్తడు. నడిమిట్ల నేను. పైకి 'అయిదు వందల పది' అని ఒర్రుతం. గది ఊరికి. రుమాలు కింద చేతి ఏళ్ళు పట్టుకొని బేరం జేస్తం. గది పత్తికి."

"మల్ల పుస్తకంల రాసింది?"

"గది పుస్తకానికి."

సుదర్శన్‌రావు నవ్వలేదు.

"అడిగినోనికి చూపెట్టాలె గదా బిడ్డా, ఏదో ఒక పుస్తకం! అసలు భావు సేఠ్ తలకాయల ఉంటుండె. మునీం ఏం జేసేటోడు ఎరికేనా? ఆదివారం పొద్దుగాల ఆరు పూరీలు తిని, కాలు మీద కాలేసుకొని, వచ్చే వారం భావు మొత్తం ముందటనే రాసి పెట్టేటోడు. సోమవారం అయిదు తక్కువ. గురువారం మూడెక్కువ. పండుగొస్తే పెంచుడు, అమాస వస్తే దించుడు. అమాస మంచిది కాదని ఆయన భయం. పెద్ద రేటు రాస్తె ఇంట్ల ఎవలకన్న జరమొస్తదని!"

అమావాస్య అన్న మాట దగ్గర సుదర్శన్‌రావు చెయ్యి గ్రాఫు కాగితం మీదికి పోయింది. మీదికి పోయి, అక్కడే ఉండిపోయింది.

ఆ కాగితం మీద ఒక అల ఉంది. ఇరవై తొమ్మిదిన్నర రోజులకొకసారి, సరిగ్గా అమావాస్య అమావాస్యకూ, ధర మునుగుతుంది, మళ్ళీ లేస్తుంది. పద్దెనిమిదేండ్లు తప్పకుండా. ఎందుకో ఇంతదాకా తెలియదు. తెలియనందుకే బొంబాయి వాళ్ళు ముచ్చటపడ్డారు. కంప్యూటరులో పెట్టి చూశారు, అక్కడా అదే అల. నూటికి అరవై ఎనిమిది సార్లు రేపటి ధర ఇవాళే చెప్పగలిగిన సూత్రం! దలాలు లేడు, ముఖం చూసుడు లేదు, మాట తీసుకునుడు లేదు. వట్టి లెక్క. ఇలాంటి లెక్కల మీదనే పత్తి, నూనె, షేర్లు అన్నీ కొనే అమ్మే రోజులు వచ్చినయి, మీలాంటివాళ్ళు మాకు కావాలె అని రాశారు.

"నువ్వు పత్తిని పట్టలే అల్లుడా," అన్నాడు సీతారాంరావు, ఈసారి నవ్వకుండా. "మా మునీం చేతిని పట్టినవు."

బయట పత్తి మిల్లు కూత వేసింది.  

తలుపు దగ్గర సుదర్శన్‌రావు భార్య సరళాదేవి నిలబడి ఉంది. రెండు చేతులకూ బియ్యప్పిండి. ప్రయాణానికి సర్వపిండి చేస్తున్నది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు.

"మూడేండ్ల కింద గీ పుస్తకం నా చేతుల పెట్టింది నువ్వే గదా మామా!"

"అడిగితివి, ఇచ్చిన."

"అబద్ధపు పుస్తకమని చెప్పొద్దా?"

"నిజమా అని అడగకపోతివి."

"గదేం మాట!"

"దలాల్ మాట," అన్నాడు ముసలాయన. గొంతు గట్టిపడింది. "రుమాలు కింది ముచ్చట రుమాలు కిందనే ఉండాలె. సేఠ్ బతికుండంగ నేనెట్ల చెప్త? మొన్న దసరాకు ఆయన పోయిండు. ఇయ్యాల నోరు తెరిచిన. గయినా నువ్వు బొంబాయి దాక పోతవని నాకేం ఎరుక? అల్లుడు గీతల కాయిదం మీద ముగ్గులేసుకుంటుండు, సారా తాగెటోనికన్న నయమే గదా అనుకున్న."

"ముగ్గులా!"

"మరేందిరా? సుక్కలు పెట్టి కలుపుతుంటివి!"

సరళ లోపలికి వచ్చింది. చాప మీద కూర్చోలేదు. పెట్టెకు ఆనుకొని నిలబడింది.

"నాకు అర్థమయ్యేటట్టు చెప్పున్రి. బొంబాయి వాళ్ళకు గీ సంగతి ఎరికేనా?"

"తెల్వది."

"తెలుస్తదా?"

సుదర్శన్‌రావు ఉత్తరం వైపు చూశాడు. ఫిబ్రవరి ఒకటిన రావాలి. అసలు పుస్తకం వెంట తేవాలి. మిగతా మార్కెట్ల ధరలతో పక్కపక్కన పెట్టి చూసినంకనే ఉద్యోగం ఖాయం.

"పక్కపక్కకు పెట్టినంక తెలుస్తది."

"ఎన్ని దినాలకు?"

"ఒక్క పూట చాలు."

సరళ తల ఊపింది. ఆమె గట్టిగా ఏడిస్తే సుదర్శన్‌రావుకు సులువుగా ఉండేది. ఆమె చేతులకంటిన పిండిని గోటితో గీకుతూ నిలబడింది.

"నా రాజీనామా కాయిదం పోయిన సోమవారం డబ్బాల ఏసిన. పదకొండేండ్ల సర్కారు నౌకరి. గది గూడ మీ మునీం రాతేనా?"

"సరళా, జర ఊకో."

"ఊకున్న. మీరు లెక్కలు తీసినన్ని దినాలు ఊకున్న. ఇస్కూల్ల పెద్దసారు 'ఎందుకమ్మా, ఆలోచించుకో' అంటే, మా ఆయన తేల్చిండు సార్, తప్పదు అని మీ తరఫున మాట్లాడిన. ఎట్ల తప్పదో నాకే తెల్వకపాయె."

"బిడ్డా," అన్నాడు సీతారాంరావు.

"నువ్వు ఆగు బాపూ. నీ నవ్వుకు నా మూడు చింతపండు డబ్బాలు కొట్లాడుతున్నయి." నిజమే. పెట్టె మీద సర్దిన డబ్బాలు ముసలాయన నవ్వు అదురుకు ఇంకా ఒకదానికొకటి తగులుతున్నట్టే ఉన్నాయి.

తర్వాత ఆమె మెల్లగా అన్నది. "వాపసు పోదాం. కరీంనగర్ల మేడ మీది గది ఇంకా ఖాళీ చెయ్యలే. బోర్డు గూడ తియ్యలే. నూట ఇరవై ఆరు ఇండ్లోళ్ళు మీ మాట మీద ఉన్నోళ్ళు. మల్ల కూసోన్రి."

 సుదర్శన్‌రావు ఆ గదిని తలచుకున్నాడు.

పదేండ్లు ఆ గదిలో కూర్చున్నాడు. దుబాయి, మస్కట్ పోయినోళ్ళ ఇండ్లలోని సొమ్మును ఏ యూనిట్లలో పెట్టాలో, ఏ పోస్టాఫీసు సర్టిఫికెట్టు తీసుకోవాలో, ఏ షేరు జోలికి పోవద్దో చెప్పాడు. జనం 'పైసల డాక్టర్' అనేవాళ్ళు. డాక్టరంటే డాక్టరే. నాడి పట్టినట్టు చేయి పట్టుకొని కూర్చోవాలి. కోడలు అలిగింది అంటే వినాలి. కొడుకు దుబాయి నుంచి ఉత్తరానికి బదులు పంపిన క్యాసెట్టును టేప్ రికార్డర్‌లో పెట్టి వినిపించాలి, వాళ్ళు ఏడిస్తే ఆపి, మళ్ళీ పెట్టాలి. వరంగల్‌లో చదివిన ఎమ్మెస్సీ లెక్కలకు ఆ పదేండ్లలో ఒక్కరోజు పని పడలేదు, కూడికలు తప్ప. ఎవరి ముఖమూ చూడనక్కరలేని లెక్క ఒకటి ఎక్కడైనా ఉంటుందని ఆశపడ్డాడు. అది ఈ ఎర్రట్ట పుస్తకంలో దొరికిందనుకున్నాడు.

"పోదామా?" అని మళ్ళీ అడిగింది సరళ.

"సోంచాయిస్త, ఆలోచించనియ్యి," అన్నాడు. ఆ మాటలో పోదామనే ఉంది. సరళ పట్టుకుంది. ముఖం కొంచెం వదులైంది.

అప్పుడే వాకిట్లో ఎవరో చెప్పులు విదిలించారు.

"సుదర్శన్‌రావు సారు ఈడనే ఉన్నడా? నిర్మల్ల దించిండు, ఇచ్చోడల దించిండు, ఒక్కొక్క తాన దించుకుంట తెచ్చిండు ఆ డ్రైవరు. నేనేమన్న పాల క్యానునా?"

వేములవాడ దగ్గరి పల్లె నుంచి భూమవ్వ. కొడుకు హనుమండ్లు దుబాయిలో తాపీ పని చేస్తాడు. సుదర్శన్‌రావు గదికి మొదటిసారి మెట్లెక్కి వచ్చిన పది మందిలో ఆమె ఒకతె. నెత్తి మీద పత్తి నూగు పడి తెల్లని కుచ్చుటోపీ పెట్టినట్టు ఉంది. చేతిలో గుడ్డ మూట.

"నువ్వేందే భూమవ్వా, గింత దూరం?"

"మరి నువ్వు కలువకుంట పోతివి! కరీంనగర్ల తాళం. పక్కింటామె ఆదిలాబాద్ పోయిండ్రన్నది. పోనియ్యి, వేములవాడ రాజన్న పరసాదం ముట్టకుంట సారు బొంబాయి పోతడా అని బస్సెక్కిన." ఆమె మూట విప్పింది. కొబ్బరి చిప్పలు, బెల్లం, పుట్నాలు. "నూట ఇరవై ఆరు ఇండ్లోళ్ళం తలా పది రూపాలు ఏసుకున్నం. నీ పేరు మీద కోడెను కొని రాజన్నకు ఇచ్చినం. బొడ్రాయంత ఉన్నది కోడె! పూజారి నీ గోత్రం అడిగిండు. మాకేమెరుక? పైసల డాక్టరు గోత్రం అని చెప్పినం."

సీతారాంరావు పొట్ట కదిలింది. బిడ్డ చూపుకు అక్కడే ఆగింది.

సుదర్శన్‌రావు బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు. అది కరగలేదు.

"కాయిదాలు భద్రంగ ఉన్నయా భూమవ్వా?"

"ఏం కాయిదాలు?"

"నీ యూనిట్లు. సర్టిఫికెట్లు. నేను ఉత్తరం రాసిన గదా, నేను పోయినంక ఫలానా సారు చూసుకుంటడని."

"ఓ, గవా! అమ్ముకున్నం."

సరళ పిండి చెయ్యి పెట్టె మీద ఆనింది.

"అమ్ముకున్నరా? ఎవరెవరు?"

"అందరం." ఆ మాట ఆమె చాలా తేలికగా, నాట్లు అయిపోయినయి అన్నట్టు చెప్పింది. "గా కొత్తసారు మంచోడే, తప్పు చెప్పొద్దు. కుర్సీ ఏస్తడు, చాయ్ తాపుతడు. గని కాయిదం మొఖం చూసి మాట్లాడుతడు, మా మొఖం చూడడు. హనుమండ్లు క్యాసెట్టు పట్టుకపోతె, టేప్ రికార్డర్ లేదమ్మా, నీ ఖాతా నెంబర్ చెప్పన్నడు. ముత్తయ్యకు భయమైంది. ముత్తయ్య ఇడిపించుకున్నడు. ఆయనను చూసి లింగవ్వ. ఆమెను చూసి ఊరు."

"గడువు గాకముందు ఇడిపిస్తె ఎంత పోతదో తెల్సా?"

"పోయింది. తెల్సింది."

"ఏం జేసిన్రు పైసలు?"

"ముత్తయ్య ట్రాక్టర్ కొన్నడు. లింగవ్వ బంగారం. నేను ఇంటి జాగ కొన్న. ఒర్రె పక్కన. మంచిగ నున్నగ, సాపుగ ఉన్నది."

"ఒర్రె పక్కన జాగ నున్నగ ఎందుకుంటదే?" అన్నాడు సీతారాంరావు ఉండబట్టలేక. "నీళ్ళు నాకితె నున్నగైతది. వానకాలం నీ ఇంట్ల చాపలు కిరాయికుంటయి."

భూమవ్వ ఆయన దిక్కు చూసింది. ఆ ఆలోచన తనకూ వచ్చినట్టే చూసింది. తర్వాత కొంగు సర్దుకుంది.

"కొన్నది కొన్నం దొరా. ఇప్పుడేం జేస్తం?"

సుదర్శన్‌రావు ఆమె వైపు తిరిగాడు. "భూమవ్వా, ఒకమాట. పదేండ్లు మంచి దాంట్ల పెట్టించిన. నేను లేకున్నా గా కాయిదాలు గవే గదా? గంతే మిత్తి, గదే సర్కారు ముద్ర. నేను పోంగనే అవి చెడిపోయినయా?"

"కాయిదం చూసి ఎవలు పెట్టిన్రు సారూ?" ఆమెకు నిజంగానే అర్థం కాలేదు. "నీ మొఖం చూసి పెట్టినం."

మిల్లు వైపు నుంచి గాలి వచ్చింది. పత్తి నూగు గ్రాఫు కాగితాల మీద వాలింది. ఎవరూ దులపలేదు.

"ఒకవేళ," అన్నాడు సుదర్శన్‌రావు, సరళ వైపు చూడకుండా, "నేను మల్ల వచ్చి మేడ మీద కూసుంటె?"

భూమవ్వ నవ్వింది. పరాచికమనుకుంది. "రాజన్నకు ఇచ్చిన కోడెను మల్ల ఇంటికి కొట్టుకొస్తరా సారూ? ముత్తయ్య గూడ గిట్లనే, సారు మల్ల వస్తడేమోనే అన్నడు. నేనే కొట్లాడిన. పెద్ద పనికి పోతుండు, ఎనకనుంచి పిలువద్దు, ఎదురు రావద్దని. ఎవ్వల్ని రానియ్యలే. నేనొక్కదాన్నే వచ్చిన."

ఆ తర్వాత ఆమె కొడుకు క్యాసెట్టు సంగతి, కోడలి సంగతి చెబుతూనే ఉంది. సరళ ఆమెను వంటింట్లోకి తీసుకుపోయి సర్వపిండి పెట్టింది. లోపలి నుంచి ఒక్క గొంతే వినిపించింది, భూమవ్వది.

చాప మీద మామా అల్లుళ్ళు మిగిలారు.

సీతారాంరావు చాలాసేపు ట్రంకు పెట్టెల దిక్కు చూశాడు. తన నవ్వు ఎంత ఖరీదైందో అప్పుడు లెక్క తెలిసినట్టుంది.

"అల్లుడా."

"ఊఁ."

"నా చేతి ఏళ్ళల్ల ఉన్నయిరా."

"ఏవి?"

"అసలు భావులు. ఇరవై రెండేండ్లు పట్టిన ఏళ్ళివి. తలకాయ మరుస్తది, ఏళ్ళు మరువయి. నువ్వు తారీఖు అడుగు, నేను రుమాలు కింద చెప్త. నోటితోటి చెప్పుమంటె రాదు. రుమాలు ఉండాలె."

సుదర్శన్‌రావు ఆయన ముఖంలోకి చూశాడు. బస్సును ఆపిన నవ్వు, పత్తి నూగు పడ్డ కాకులను కొంగలనుకునే వీధి, పులితో బీడీ పంచుకున్న రాత్రి, అన్నీ ఆ ముఖం చెప్పినవే. కానీ ఆ ముఖం ఇప్పుడు నవ్వడం లేదు.

"నిజమా మామా?"

"నిజమా అని అడిగినవు. నిజమే."

మునిగేవాడు గడ్డిపోచను పట్టుకుంటాడంటారు. గడ్డిపోచే పిలిచి చెయ్యి చాపితే పట్టుకోకుండా ఎట్లా ఉంటాడు? సుదర్శన్‌రావు కొత్త కాగితం తీశాడు. నూరు తేదీల అసలు ధరలు దొరికినా చాలు. పుస్తకం తప్పని తానే ముందుగా రాసి, సరైనవి ఇవి అని పెట్టవచ్చు. సూత్రం పోయినా మాట మిగులుతుంది. మాట మిగిలితే మళ్ళీ లెక్క తీయవచ్చు.

సీతారాంరావు రుమాలు దులిపి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. లోపల ముసలి చెయ్యి వెచ్చగా, పత్తి బస్తా అంచులా గరుకుగా ఉంది.

"ఇగో, ఇను. అరచెయ్యి మొత్తం పట్టితె అయిదు. ఏలు పట్టితె ఒకటి. రెండేళ్ళు రెండు. మొదలు వందలు, ఎనుక పదులు. పిడికిలి మూసి నీ చేతుల పెట్టినననుకో, బేరం ఇడిసినట్టు. ఇగ మాట్లాడద్దు, లేచి పోవాలె. పిడికిలి పెట్టినంక గూడ బతిమిలాడేటోడు దలాల్ కాదు, బిచ్చపోడు."

"ఎనభై మూడు. దసరా పోయిన మొదటి సోమవారం."

"మీ సంబంధం మాట్లాడిన రోజు!" ముసలాయన కండ్లు మూసుకున్నాడు. అరచెయ్యి పట్టాడు. వదిలి, మూడు వేళ్ళు పట్టాడు.

అయిదు వందల ముప్పై. పుస్తకంలో అయిదు వందల పది. సుదర్శన్‌రావు రాసుకున్నాడు. 

"అదే నెల ఇరవై నాలుగు."

తడబాటు లేదు. వేళ్ళు చెప్పాయి. ఎనభై నాలుగు, ఎనభై ఆరు కరువు సంవత్సరం, ఎనభై తొమ్మిది. తేదీ అడగడమే ఆలస్యం, రుమాలు కింద జవాబు. అమావాస్యలకు మునగడం లేదు. పండుగలకు లేవడం లేదు. ధర తన ఇష్టం వచ్చినట్టు, నిజం ధర తిరిగినట్టే తిరుగుతున్నది. వంటింటి తలుపు దగ్గర సరళ మళ్ళీ వచ్చి నిలబడింది. భూమవ్వ ఆమె వెనుక నుంచి, "ఏం జేస్తున్రు? జాతకమా?" అని అడుగుతున్నది.

పన్నెండు తేదీలు అయినాయి. సుదర్శన్‌రావు పెదవి మీద చాలా రోజుల తర్వాత ఒక ఈల లాంటిది వచ్చింది. అంతలో చదువుకున్న చదువు ఊరుకోలేదు. కొలిచినదాన్ని ఇంకోసారి కొలవాలి అని చెప్పింది.

"ఎనభై మూడు. దసరా పోయిన మొదటి సోమవారం," అన్నాడు మళ్ళీ, కొత్త తేదీ అడిగినట్టే.

సీతారాంరావు కండ్లు మూసుకున్నాడు. అరచెయ్యి పట్టాడు. వదిలాడు.

నాలుగు వేళ్ళు.

 ఆ నాలుగో వేలు గట్టిగా పట్టిన వేలా, వణికి తగిలిన వేలా? ఆ వణుకు మొదటినుంచీ ఉందా? పన్నెండు ధరల్లో ఎన్ని పత్తివి, ఎన్ని ఈ చేతి వణుకువి?

"ఎనభై మూడు. దసరా పోయిన మొదటి సోమవారం," అన్నాడు మూడోసారి.

"మీ సంబంధం మాట్లాడిన రోజు!" అన్నాడు ముసలాయన, మొదటిసారి అన్నంత సంబరంగా. అరచెయ్యి. ఒక వేలు.

రుమాలు మీద ముసలి ముఖం వెలుగుతున్నది. బిడ్డ కాపురాన్ని తన చేతులతో ఒడ్డుకు లాగుతున్నానన్న వెలుగు.

"రాసుకున్నవా? ఇంకా అడుగు. ఎన్నయినా అడుగు. పొద్దంత చెప్త."

"రాసుకున్న మామా," అన్నాడు సుదర్శన్‌రావు. పెన్ను మూత పెట్టాడు. 

సరళ అంతా చూసింది. మూడుసార్లు అడిగిన తేదీని విన్నది. దలాలు బిడ్డ ఆమె, చిన్నప్పుడు ఈ రుమాలు కింద గవ్వలాట బేరాలు ఆడుకున్న పిల్ల. మెల్లగా వచ్చి తండ్రి భుజం తట్టింది.

"లే బాపూ. చెయ్యి నొస్తున్నట్టున్నది. నువ్వు పోయి రిక్షా పిలువు."

"తేలిందా బిడ్డా?"

"తేలింది."

ముసలాయన మోకాళ్ళు పట్టుకొని లేచాడు. సరళ ఆయన జాగలో కూర్చుంది. రుమాలు తీయలేదు. తన చెయ్యి దాని కిందికి పోనిచ్చింది.

"రెండు గంటల బస్సుకే పోదాం," అన్నది పైకి, వాకిట్లో చెప్పులు వేసుకుంటున్న తండ్రికి వినబడేటట్టు, కొబ్బరి చిప్పలు మూటలో సర్దుతున్న భూమవ్వకు వినబడేటట్టు. "నౌకరి ఖాయమే అయితది. బొంబాయిల నీళ్ళు గూడ మంచిగనే ఉంటయట. పెట్టెలు బయట పెట్టున్రి."

"గదీ మాట!" అన్నాడు సీతారాంరావు. ఈసారి నవ్వు పొట్ట నుంచి భుజాలకు ఎక్కింది. చింతపండు డబ్బాలు కదిలాయి.

"రాజన్న సల్లగ చూడాలె," అని భూమవ్వ సరళ చెంపల దిక్కు చేతులు తిప్పి మెటికలు విరిచింది.

సరళ భూమవ్వ దిక్కు చూసి నవ్వింది.

పైకి అన్న మాట ఊరికి. రుమాలు కింద ఆమె చెయ్యి వచ్చి సుదర్శన్‌రావు అరచేతిలో చేరింది. ఆయన వేళ్ళు వెతికాడు. ఒకటా, రెండా, అయిదా అని వెతికాడు. వేళ్ళు దొరకలేదు.

పిడికిలి. బియ్యప్పిండి ఇంకా ఆరని పిడికిలి, గట్టిగా మూసి ఉంది.